కదలని ముల్లు చెప్పిన మాట

1849లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే రాగితీగ చుట్టల్ని ఎత్తునుంచి కిందికి వదిలి చూశాడు. పడే చుట్టలో కరెంటు పుడితే గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ చుట్టరికం ఉన్నట్టే. మీటరు ముల్లు కదల్లేదు. ఆ సంగతి దాచకుండా అచ్చువేశాడు. చుట్టరికం ఉందన్న నమ్మకమూ వదులుకోలేదు.

ఆ నమ్మకానికి ఆధారం ఉంది. అయస్కాంతాన్ని కదిపితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో చూపింది ఆయనే. తర్వాత భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ విద్యుత్తునూ అయస్కాంతత్వాన్నీ సమీకరణాల్లో కలిపి, పుట్టే తరంగం వేగం లెక్కకట్టాడు. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వచ్చింది. అది కాంతి వేగం! రెంటిని కలపబోతే అడగని మూడోది చేతికందింది.

‘అంతా ఒకటే’ అని మన పెద్దలూ అన్నారు. భౌతికశాస్త్రం ఆ మాటకు పూచీ అడుగుతుంది: ఒకటే అయితే కొత్తగా ఏం కనబడాలి? కనబడకపోతే మాట వెనక్కి తీసుకుంటావా?

గ్లాషో, సలాం, వైన్‌బర్గ్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఆ పూచీ ఇచ్చారు. విద్యుదయస్కాంత బలం ఎంత దూరమైనా పోతుంది. బలహీన బలం పరమాణు కేంద్రకం దాటదు. ఇవి ఒకటెలా అవుతాయి? కాగిన నెయ్యి గిన్నెంతా ఒకటే. చల్లారితే అడుగున పూస, పైన తేట. తొలినాటి విశ్వపు వేడిలో ఒకటిగా ఉన్న బలం చల్లబడ్డాక రెండుగా కనిపిస్తోందన్నది వారి సిద్ధాంతం. అదే నిజమైతే బరువైన డబ్ల్యూ, జడ్ కణాలు ఉండాలి. 1979లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. 1983లో జెనీవా దగ్గరి సెర్న్‌లో ఆ కణాలూ దొరికాయి. డబ్ల్యూ కణం ప్రోటాన్‌కు సుమారు 85 రెట్లు బరువు.

తర్వాతి మెట్టు, కేంద్రకాన్ని కట్టి ఉంచే ప్రబల బలాన్నీ కలుపుకోవడం. ఒడిశాలో పుట్టిన జోగేశ్ పతి, సలాంతో కలిసి 1970లలో ఆ దారి తొక్కాడు. ఈసారి పూచీ పెద్దది: ప్రోటాన్ ఎప్పటికైనా క్షయించాలి. దాన్ని పట్టుకోవడానికి మన చిత్తూరు సరిహద్దుకు దగ్గరున్న కోలారు బంగారు గనిలో, 2,300 మీటర్ల లోతున 140 టన్నుల ఇనుము పేర్చారు. పైనున్న రాయి కాస్మిక్ కిరణాల్ని చాలావరకు ఆపుతుంది. క్షయమేమో అనిపించే ఆనవాళ్లు కొన్ని దొరికాయి. జపాన్‌లో 50,000 టన్నుల నీటితో 1996 నుంచి కాపు కాస్తున్న సూపర్ కామియోకాండే వాటిని బలపరచలేదు. కొన్ని రకాల క్షయానికి ప్రోటాన్ ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు దాటాలని తేలింది. ఆ దెబ్బకు సరళమైన సిద్ధాంతాలు కొన్ని రాలిపోయాయి.

ఇది నష్టమా? ఐన్‌స్టీన్ చివరి 30 ఏళ్లు ఏకీకరణకే ధారపోసినా, ప్రయోగం చేత అవుననో కాదనో అనిపించుకునే సిద్ధాంతం చేతికి రాలేదు. కోలారు ఇనుము ముందు నిలబడిన సిద్ధాంతాలకు ఆ గౌరవం దక్కింది. ఇప్పుడు జపాన్ దాదాపు 2,60,000 టన్నుల నీళ్లు పట్టే హైపర్ కామియోకాండే కడుతోంది. ఫారడే వదిలిన చుట్ట ఇంకా పడుతూనే ఉంది.