హగ్గాదా: దాని చదువరులు

ఒక గ్రంథమును విమర్శించునపుడు చదువువారి నడవడితో మనకేమి పనియని మా మిత్రులు కొందరందురు. కావ్యములకు ఈ నియమము చెల్లవచ్చును. ఏటేట ఇంటిల్లిపాదియు కూర్చుండి పఠించు గ్రంథమునకు చెల్లదని మా తలంపు. యూదులు పస్కా పండుగనాటి రాత్రి చదువుకొను హగ్గాదా అట్టిది.

ఐగుప్తున దాస్యమనుభవించిన పూర్వులు విడుదల నందిన వృత్తాంతము దీని వస్తువు. ఆకలిగొన్నవారిని భోజనమునకు పిలుచు వాక్యములు మొదటనే యున్నవి. పిమ్మట ఇంటిలోని చిన్నవాడు ఆనాటి భోజనపు తీరు ఏల మారినదో అడుగవలెను. పెద్దలు ఉత్తరము చెప్పవలెను. నచికేతు నెరిగిన మనకు ఈ పద్ధతి క్రొత్త గాదు. కాని అచ్చట యముడు ప్రశ్నను మాన్పింపజూచెను. ఇచ్చట ప్రశ్న లేనిదే కథ సాగదు. వివేకి, దుష్టుడు, అమాయకుడు, అడుగుటయే తెలియనివాడు అను నలుగురు కుమారుల ప్రస్తావన తరువాత వచ్చును. ఒక్కొక్కనికి ఉత్తరము వేరు. కడపటివానికి తండ్రియే మాట నందీయవలెనట! ఇరువది యేండ్లుగా బడిపిల్లలతో కాలము గడుపుచున్న మాకు గ్రంథమంతటిలో ఈ భాగమే యెక్కువ రుచించినది.

నాయకుడగు మోషే పేరు ఇందు ప్రసక్తానుప్రసక్తముగా దక్క వినబడదు. రాముని పేరెత్తక రామాయణము చెప్పినట్లున్నది. వీరపూజకు మారుగా తినుపదార్థములే కథ చెప్పును: పులియని రొట్టె, చేదుకూరలు, ఇటుకల అడుసును తలపించు తియ్యని ముద్ద. దోషములు లేకపోలేదు. ఐగుప్తునకు వచ్చిన తెగుళ్లు 10. సముద్రము కడ అవి 50 అని యొక వ్యాఖ్యాత, 200 అని యొకడు, 250 అని వేరొకడు లెక్కలు పెంచిరి. మన భాష్యకారుల పొడిగింపులకు విసిగినవారు ఇచ్చటను విసుగుదురు. ఆ తెగుళ్ల పేళ్లు చెప్పునపుడు పాత్రలోని ద్రాక్షారసమును బొట్టుబొట్టుగా తీసివేయు ఆచారము గలదు. శత్రువు బాధపడినచోట మన యానందము కొరతపడవలెనని దానికి అర్థము చెప్పుదురు. ఈ యొక్క వ్యాఖ్య ఆ లెక్కలన్నిటికంటె మేలు.

ప్రతి తరమువాడును తానే విడుదల నందినట్లు భావింపవలెనని గ్రంథశాసనము. ఇచ్చటనే చదువరుల మాట యెత్తవలసివచ్చుచున్నది.

కొచ్చిలో మట్టంచేరి రాజభవనము ప్రక్కను 1568లో కట్టిన పరదేశి సమాజమందిరము గలదు. స్పెయిను మొదలగు దేశములనుండి వచ్చిన యూదులు దానిని కట్టిరి. పస్కాకు ముందు వారి యిండ్లలో జరుగుచుండిన శుద్ధి యింతింత గాదు. పాత్రలు వేరు, ధాన్యమును గింజగింజగా ఏరుట వేరు. మన మడి దానిముందు దిగదుడుపే. అట్టివారి మందిరముననే, దాస్యవిముక్తుల సంతతివారికి, ఆ ధర్మమునే నమ్మి ఆ ప్రార్థననే చేయువారికి, బల్లలపై చోటు లేకుండెను. నేలపైనో, ద్వారము కడ మెట్లపైనో వారు కూర్చుండవలెను. ధర్మశాస్త్రపఠనమునకు తక్కినవారివలె పిలుపు లేదు. పెండ్లి సంబంధము మాట చెప్పనేల? తమ పూర్వులు దాసులని పండుగనాడు చెప్పుకొనినవారే, పూర్వులు దాసులను కారణముచేత తోడి ప్రార్థకుని దూరముంచిరి.

శాస్త్రము అట్లు విధించినదా? లేదు. ఇట్టి వివాదమును గూర్చి కొచ్చినుండి ప్రశ్న పోగా, 16వ శతాబ్దమున కైరోయందున్న దావీదు ఇబ్న్ అబీ జిమ్రా యను పండితుడు, విముక్తి పొంది శాస్త్రోక్తస్నానము గావించినవారు వివాహార్హులని తేల్చి చెప్పెను. తీర్పు ఐగుప్తునుండియే వచ్చెను! అయినను ఆచారము గెలిచెను. మన పండితసభల సంగతి యెరిగినవారికి ఇది వింత గొలుపదు.

ఆ సంతతిలో జన్మించిన న్యాయవాది ఎ. బి. సేలం (1882-1967) కొంతకాలము ఆ మందిరమునకు పోవుట మానెను. పిమ్మట లోనికి పోయియే గాంధీమార్గమున ప్రతిఘటించెను. క్రమముగా బల్లలపై చోటును, పఠనమునకు పిలుపును లభించినవి. 1950లో ఆయన కుమారునకు పరదేశి కుటుంబపు కన్యతో వివాహము జరిగినది. కొచ్చిలో గాదు, బొంబాయిలో. ఆ దశాబ్దమునుండి కొచ్చి యూదులలో అధికసంఖ్యాకులు ఇశ్రాయేలునకు తరలిపోయిరి. ఆ మందిరమున నేడు కనబడువారిలో ఎక్కువమంది చూడవచ్చిన యాత్రికులే.