చట్టము కోరని లెక్క

మినుములు, పెసలు కళ్ళములకు చేరు ఈ ఫాల్గుణ మాసమున, ఆమదాలవలస బజారులోని చిన్న వర్తకుల మనస్సులలో రెండు తేదీలు మెదలుచుండును: ముందస్తు ఆదాయపు పన్ను చెల్లింపునకు మార్చి 15, సంవత్సరపు లెక్క ముగింపునకు మార్చి 31. శ్రీకాకుళం రోడ్ అను పేరుగల మా ఊరి రైలు స్టేషనుకు పోవు దారిలో చాలకాలముగా కిరాణా దుకాణము నడుపుచున్న నన్ను, క్రొత్తగా వ్యాపారమున దిగిన యువకులు ఈ దినములలో తఱచుగా ఒకే ప్రశ్న అడుగుచుందురు: "చట్టమే పుస్తకాలు అక్కర్లేదంటోంది కదా బాబాయ్, రోజూ ఈ రాత ఎందుకు?"

ప్రశ్న న్యాయమైనదే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని 44ఏడీ సెక్షను ననుసరించి, ఏడాది అమ్మకము 2 కోట్లు మించనివాడు, నగదు వసూలు నూటికి 5 వంతులు దాటనిచో 3 కోట్లు మించనివాడు, అమ్మకములో 8 శాతమును, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతమును లాభముగా చూపి, ఖాతా పుస్తకముల బాధ్యతనుండి విముక్తుడు కావచ్చును. జీఎస్టీలోను, కోటిన్నర లోపు అమ్మకముగల వర్తకుడు కాంపోజిషను పద్ధతి నెన్నుకొని, పన్ను వర్తించు సరుకుల అమ్మకముపై 1 శాతము చొప్పున మూడు నెలల కొకసారి కట్టినచో, ప్రతి బిల్లు వివరమును ప్రభుత్వమునకు పంపు శ్రమ తప్పును. అయినను, చట్టము అడుగని చోటనే లెక్క వ్రాయుట మన విధియని నేను దృఢముగా విశ్వసించుచున్నాను.

ఏలయనగా, ఆ 8 శాతము అంచనా మాత్రమే. పంచదార, నూనె, బియ్యము అమ్మువానికి అంత మిగులునో లేదో, చిల్లరగా పోపుదినుసులు పొట్లము కట్టువానికి అంతకు మించి మిగులునో, పద్దు వ్రాయనివా డెట్లెఱుగును? ఈ అంచనా పద్ధతిలో ఒకసారి పన్ను కట్టి, అయిదేండ్లలోపున నిజముగా తక్కువ మిగిలినదని చెప్పదలచి, ఆదాయము పన్నులేని పరిమితిని దాటినవాడు, పుస్తకములు చూపి ఆడిట్ చేయించుకొనవలసియే యుండును. ఎక్కువ మిగిలినవాడు ఆ ఎక్కువనే చెప్పవలసినవాడు. చిఠా, ఆవర్జా లేని వర్తకునికి ఈ ఇద్దరిలో తానెవ్వడో తెలియదు. తెలియనివాడు ఏ అంకె వేసినను అది ఊహయే యగును.

మా ప్రాంతపు వ్యాపారమునకు మఱియొక విశేషము గలదు. పొట్టకూటికై విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి వలసపోయిన కుమారులు, ఊరిలోని తల్లుల అరువు బాకీలను అక్కడినుండియే మా ఫోనులకు పంపుచుందురు. ముసలి తల్లి వచ్చి, "నాయనా, మావోడు ఫోన్లో డబ్బులేసినాడు, మా పద్దులో రాసుకో" అనును. బ్యాంకు చూపునది కుమారుని పేరు. ఖాతాలో నున్నది తల్లి పేరు. ఆ పూటనే రెండింటిని కలిపి వ్రాయనిచో, ఆమె బాకీ తీరినను తీరనట్లే నిలుచును. సంవత్సరాంతమున 6 శాతపు సొమ్మేదో, 8 శాతపు సొమ్మేదో విడదీయుటయు కష్టమగును. ధాన్యపు డబ్బు చేతికి వచ్చిన పిమ్మట తీర్చెదనని సరుకు కొనిపోయిన రైతు విషయమును ఇట్టిదే: సరుకు పోయిన దినము, సొమ్ము వచ్చిన దినము వేఱువేఱుగా వ్రాయవలెను.

ఇక నిలవ సరుకు లెక్క. బస్తాలు తూచి, డబ్బాలు లెక్కించి, కొన్న ధర, నేటి విపణి ధర అను రెండింటిలో తక్కువదానిని వేయుట పాత నియమము. 2025-26 సంవత్సరమున దానికొక చిక్కు తోడైనది. 2025 సెప్టెంబరు 22న స్నానపు సబ్బులు, తలనూనెలు, టూత్‌పేస్టు, బిస్కట్లపై జీఎస్టీ 18 నుండి 5 శాతమునకు తగ్గినది. కాంపోజిషను వర్తకునికి కొనుగోలు పన్ను తిరిగి రాదు గనుక, ఆ పన్నుకూడ అతని కొన్న ధరలో భాగమే. కావున అలమర వెనుక మిగిలిన పాత సరుకును, తరువాత వచ్చిన సరుకును ఒకే ధర వేసి కలుపరాదు. కొనుగోలు బిల్లులు తేదీవారీగా కట్టి ఉంచినవానికి ఇది గంట పని.

కౌటిల్యుని అర్థశాస్త్రమున, 354 అహోరాత్రముల సంవత్సరము ఆషాఢ పూర్ణిమతో ముగియగా, గణకులు ముద్రవేసిన పుస్తకములతోను, మిగులు ధనముతోను రావలెననియు, వచ్చినవారిని ఒకరితో నొకరు మాటలాడనీయరాదనియు విధింపబడినది. అది రాజోద్యోగులకు చెప్పినదైనను, దాని ఆంతర్యము మనకును వర్తించును: లెక్క జరిగిననాడు వ్రాయబడవలెనే గాని, అప్పగింపునాడు ఆలోచించి కూర్పబడరాదు. మార్చి చివరి వారమున జ్ఞాపకముతో నింపిన పుస్తకము ఎంత ముచ్చటగా నున్నను సాక్ష్యము కాజాలదు.

1961 చట్టము స్థానమున 2025 నాటి క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించును. సెక్షను అంకెలు మారును, 'పన్ను సంవత్సరము' అను క్రొత్త పేరు వచ్చును. దానికి భయపడ నక్కఱలేదు. రోజువారీ నగదు, ఫోనుకు వచ్చిన సొమ్ము, అరువు, ఇంటికి వాడుకొన్న సరుకు అను నాలుగు పద్దులు విడివిడిగా వ్రాయుచుండువాడు ఏ చట్టము క్రిందనైనను సమాధానము చెప్పగలడు. చిన్నవాని మాటను నమ్మి ప్రభుత్వము పుస్తకములు చూపుమని అడుగుట మానినది. ఆ నమ్మకమునకు పాత్రులమగుటకైనను, అడుగని లెక్కను మనము సరిగా వ్రాసి ఉంచవలెను.