నేతకంటికి ఆరోగ్య దేవత

గ్రీకుల ఆరోగ్య దేవత హైజియా శిల్పం ఎలా ఉందని అడగాలంటే ఉప్పాడ నేతవాళ్ళనే అడగాలనిపిస్తుంది నాకు. బట్ట ఒంటి మీద ఎలా వాలుతుందో వాళ్ళకన్నా తెలిసినవాళ్ళెవరు? ఇక్కడ జాందానీ చీరకి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. నాడె ఒకసారి దాటగానే, బుటా పడాల్సిన ప్రతి చోటా రంగు పోగునో జరీనో విడిగా తీసుకుని, వేళ్ళతో పడుగు సందున దూర్చి తిప్పుతారు. మళ్ళీ నాడె, మళ్ళీ వేళ్ళు. బుటా వెనక దారాలు వేలాడవు. చీర తిరగేసి చూసినా పువ్వు పువ్వులాగే ఉంటుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం ఇది.

అలాంటి కంటికి పండగలాంటి శిల్పం లాస్ ఏంజెలస్ కౌంటీ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. పేరు ‘హోప్ హైజియా’. క్రీ.శ. 2వ శతాబ్దంలో, అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందరి గ్రీకు మాతృకను అనుసరించి చెక్కింది. 1797లో రోముకు రేవు పట్టణమైన ఓస్టియాలో తవ్వకాల్లో దొరికింది. నిలువెత్తు పాలరాయి. ఆ ఒక్క రాతిలోనే శిల్పి రెండు బట్టలు కట్టాడు. లోపలిది పలచన, ఒంటిని అంటుకుని సన్నసన్నగా ముడతలు పడుతుంది. పైన చుట్టింది బరువైనది, దాని కుచ్చెళ్ళు కిందికి లాగుతాయి. రాతిని పలచన చేయడం ఎవరి వల్లా కాదు గనక అతను నీడతో పని చేయించుకున్నాడు. లోపలి బట్టకి ఉలి మొన తాకీ తాకనట్టు గీతలు, పై బట్టకి నీడ నిలిచేంత లోతు పల్లాలు. చూసిన కన్నే ఇది పల్చని నేత, ఇది దళసరి నేత అని తేల్చుకుంటుంది. నాకు ఈ శిల్పంలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

ఇక ఆమె దగ్గరున్న పాము, పాత్ర. హైజియా తండ్రి అస్క్లీపియస్ రోగం నయం చేసే దేవుడు. కూతురు చూసుకునేది రోగం రాని మనిషి సంగతి. అందుకే ఆమె భంగిమలో కంగారు లేదు. రోజూ చేసే ఇంటిపనిలా పాముకి పాత్ర అందిస్తుంది. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, చెవులకి పుట్టమన్ను రాసుకునే గోదావరి ఆడపడుచులకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పాత్రా పామూ కలిసి 1796లో పారిస్ ఫార్మసీ సంఘం నాణెం మీదికి ఎక్కాయి. ఇప్పుడు మందుల వృత్తికి ప్రపంచంలో చాలాచోట్ల గుర్తు అదే. ఒక గిన్నె, దాన్ని చుట్టిన ఒక మెలిక. ఇంత తక్కువ గీతల్లో ఇంత కాలం నిలిచిన బొమ్మలు అరుదు.

క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ టిటానే అనే ఊళ్ళో ఈమె విగ్రహం చూడబోయాడు. సరిగ్గా కనిపించలేదట. ఆడవాళ్ళు సమర్పించిన తలనీలాలూ బాబిలోను బట్టల పీలికలూ విగ్రహాన్ని కప్పేశాయి. పట్టుచీరల మధ్య అమ్మవారి ముఖం ఒక్కటే కనిపించే గుళ్ళు మనకీ ఉన్నాయి. శిల్పి పనిని నేతపని అలా కప్పేయడంలో నాకు అపచారమేమీ కనిపించదు. ఊరివాళ్ళు తమ దగ్గరున్న మేలైన పనితనాన్నే ఆమెకిచ్చారు.

పనివాళ్ళతో ఈ దేవత పేరుకి మరో చుట్టరికం కూడా ఉంది. ఏథెన్స్ కొండ మీద ప్రొపిలయా ద్వారమండపం కడుతున్న రోజుల్లో (క్రీ.పూ. 437–432) అందరిలోకీ చురుకైన పనివాడు పైనుంచి పడిపోయాడట. వైద్యులు ఆశ వదులుకున్నారు. ఎథీనా దేవత ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ కలలో కనిపించి వైద్యం చెప్పిందనీ, మనిషి బతికాడనీ ప్లూటార్క్ రాశాడు. గుంట మగ్గంలో కాళ్ళు దించి, నడుమూ కళ్ళూ అరగదీసుకుంటూ పొద్దస్తమానం బుటా మీదికి వంగేవాళ్ళున్న ఊళ్ళో ఈ కథ నాకు మరీ దగ్గరగా తోస్తుంది. కృతజ్ఞతగా అక్కడ పెరిక్లీస్ ఎథీనా హైజియా పేరిట కంచు విగ్రహం నిలబెట్టించాడు. విగ్రహం పోయింది గానీ పీఠం ఇంకా అక్కడే ఉంది. దాని మీద చేయించినవాళ్ళుగా ఏథెన్స్ ప్రజల పేరూ, చేసినవాడుగా శిల్పి పిర్రోస్ పేరూ చెక్కి ఉన్నాయి.