సౌభ్రాత్రము: పలనాటి వీరచరిత్రయు, యవనగాథల ననుసరించిన బాలగ్రంథములును

భ్రాతృశబ్దమునుండి భ్రాతృవ్యశబ్దమును పాణిని రెండు సూత్రములచే సాధించినాఁడు. చతుర్థాధ్యాయ ప్రథమపాదమున 144వ సూత్రముచే నది సోదరపుత్త్రునకు వాచకము; వెంటనే వచ్చు 145వ సూత్రముచే శత్రువునకు వాచకము. రూప మొక్కటియే, ప్రత్యయభేదమువలనఁ గలిగినది స్వరభేదము మాత్రమే. రెండవ దానియం దపత్యార్థము లేదని వ్యాఖ్యాత లందురు. అయినను దాయాదియే పగవాఁ డగుట లోకమున నెంత తఱచో యీ శబ్దమే చాటుచున్నది.

పలనాటి కథకు బీజ మిదియే. అనుగురాజు పుత్త్రులగు నలగామరాజును మలిదేవరాజును వైమాత్రేయులు. గురజాల యొకనిది, మాచెర్ల వేఱొకనిది. కోడిపోరు, వనవాసము, రాయబారి యగు నలరాజు విషముచే మడియుట, తుదకుఁ గారెమపూడి రణము: 12వ శతాబ్దినాఁటి యీ వృత్తాంతమును శ్రీనాథకర్తృకముగాఁ బ్రసిద్ధిగన్న ద్విపద చెప్పుచున్నది. దానిని 1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించెను.

ఈ వైరమునకుఁ బ్రతిగాఁ గవి నిలిపినది బాలచంద్రుని తమ్ముల కూటమి. వారిలో బ్రాహ్మణుఁడగు ననపోతు గలఁడు. కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి యిండ్ల బాలురును గలరు. ఏకోదరులు కాకున్నను వారు తమ్ములే. రక్తసంబంధము గలచోటఁ బగయు, లేనిచోట సౌభ్రాత్రమును నుండుట యీ కావ్యమునకుఁ బ్రాణము.

అమెరికా దేశీయుఁడగు రిక్ రియార్డన్ యవన దేవతల కథల నాధారముగాఁ గొని బాలురకై 2005లో నారంభించిన పెర్సీ జాక్సన్ కథామాలయందును వైమాత్రేయులే ప్రధానులు. 2006లో వెలువడిన రెండవ గ్రంథమున టైసన్ అను నేకాక్షుఁడు సముద్రదేవతయగు పొసైడనుకుఁ బుట్టినవాఁ డని తెలియఁగానే, యా దేవతకే పుత్త్రుఁడగు పెర్సీ నలుగురిలో సిగ్గుపడును. ఏకాక్షుఁడగు పాలిఫీమసు పొసైడను కుమారుఁ డని ప్రాచీన యవన కావ్యమే చెప్పుచుండుటచే నీ కల్పన నిర్మూలము కాదు. సోదరత్వము పుట్టుకతో వచ్చినను దాని నంగీకరించుట వేఱొక కార్య మని గ్రంథకర్త చక్కఁగాఁ జూపెను. కాని మృతుఁ డనుకొన్న టైసన్ మరల సజీవుఁడై వచ్చుటచేఁ బెర్సీ పశ్చాత్తాపము పండకమునుపే తీఱిపోయినది. ఇది యా గ్రంథమునందలి లోపము.

2007 నాఁటి మూఁడవ గ్రంథము దీనికంటె నుత్తమము. తల్లిదండ్రులు దగ్గఱ లేక తమ్ముఁడగు నీకోను సాఁకుచు వచ్చిన బియాంకా, యా భారమునుండి విడివడఁ గోరి ఆర్టెమిస్ దేవి వేఁటకత్తెలలోఁ జేరును. పిదపఁ దమ్మునికై చిన్న బొమ్మ నొకదానిని దీసికొనుట కారణముగాఁ బ్రాణము గోలుపోవును. విడిచిపోయిన యక్క హృదయమునఁ దమ్ముఁ డుండెనని యా బొమ్మయే చెప్పుచున్నది. వేఱు వ్యాఖ్య యక్కఱలేదు.

ఈ ఘట్టమును అనపోతు కథతోఁ బోల్చి చూడవలెను. బ్రాహ్మణుఁడు రణమునఁ జావరాదని తలఁచి బాలచంద్రుఁడు నగ తెమ్మను నెపమున నతని వెనుకకుఁ బంపును. వంచన నెఱిఁగిన యనపోతు ప్రాణత్యాగము చేయును. రెంటను సోదరుఁడు వెనుక విడువఁబడినాఁడు. బాలచంద్రుఁడు విడిచినది సోదరరక్షణార్థము. బియాంకా విడిచినది తన జీవితముకొఱకు. అలసట యక్కకును గలుగవచ్చునని యొప్పుకొనుట నవీన గ్రంథమునకు విశేషము. పలనాటి కవి యీ ప్రశ్ననే యెత్తలేదు. మేలు చేయ నెంచిన ప్రేమయుఁ దోడివానిని సమానునిగా నెంచక మోసగించినచో ఘాతుక మగు నని చూపుట పలనాటి కావ్యమునకు విశేషము. నీకోకుఁ దరువాతి గ్రంథమున నక్క ఛాయ కనఁబడి పగ విడువు మని బోధించును. అనపోతున కట్టి యవకాశము లేదు. బాలచంద్రుని తప్పునకుఁ బరిహారమును లేదు. గాంభీర్యమున ద్విపదయే మిన్న.

విదేశగాథలు బాలురను స్వదేశకథలకు దూరము చేయు నను నాక్షేపము గలుగవచ్చును. టైసనును జూచి పెర్సీ యేల సిగ్గుపడెనో తెలిసిన బాలునికి, బ్రహ్మనాయఁడు మాలకన్నమదాసును బుత్త్రునిగాఁ జేపట్టుటలోని ఘనత సులభముగా బోధపడును. నరసరావుపేట, మాచెర్ల ప్రాంతముల పాఠశాలలలో నీ రెండు కథలును జేర్చి చెప్పుట యుక్తము. కార్తీకామావాస్యకుఁ గారెమపూడిలో వీరుల యాయుధములకుఁ బూజ జరుగుట నెఱిఁగిన బాలురకు, ఆ యాయుధములు దాయాదుల పోరున నెత్తఁబడినవనియు, వాని నెత్తినవారిలోఁ దమ్ములు కాని తమ్ములు నుండిరనియుఁ గూడఁ దెలియవలెను.