దేవకి మరచిపోని ఆరుగురు

ఏటా బళ్లలో కృష్ణాష్టమి నాటిక వేయిస్తాం. చెరసాల, సంకెళ్లు, కంసుడు. ఆరుగురు పసిబిడ్డలు ఒక్క మాటలో అయిపోతారు. ఏడో గర్భం లెక్కకే రాదు. ఎనిమిదో బిడ్డ పుట్టగానే చప్పట్లు. పోతన భాగవతంలోని దశమ స్కంధాన్ని మనం ఇలా సగమే పిల్లలకు అందిస్తున్నాం.

ఏడో గర్భాన్ని యోగమాయ రోహిణికి మార్చింది. జనానికి అది తెలియదు. దేవకికి గర్భం పోయిందనే బాధపడ్డారు. ఆ గర్భం ఆమెకు సంతోషాన్నీ శోకాన్నీ కలిపి పెంచిందని సంస్కృత మూలం చెబుతుంది. బిడ్డను పోగొట్టుకొని మళ్లీ నీళ్లోసుకున్న ఏ తల్లి మనసైనా అదే. ఎనిమిదోసారి దేవతలే వచ్చి ధైర్యం చెప్పారు. అయినా కృష్ణుణ్ణి ఎదురుగా చూస్తూ కూడా ఆమె కంసుని భయమే చెప్పుకుంది.

అసలు సంగతి ఉత్తర భాగంలో ఉంది. కంసుడు పోయాడు, కొడుకులు ఎదిగారు. అప్పుడు కూడా దేవకి చనిపోయిన ఆరుగురినీ చూపించమని అడిగింది. బలరామకృష్ణులు సుతలానికి పోయి, బలి దగ్గరి నుంచి వాళ్లను తెచ్చారు. ఆమె ఒడిలోకి తీసుకొని పాలిచ్చింది. కృష్ణుడంతటి కొడుకు ఉన్నా ఆ ఆరుగురి చోటు పూడలేదు.

మన కదిరి సీమలో వాన మొహం చాటేసి మొలక ఎండితే, వీలైతే మళ్లీ విత్తుతాం. ఆ మాటే తల్లికీ చెబుతాం: "పోతే పోనీ, మళ్లీ కడుపు పండుతుందిలే." రెండోసారి విత్తిన రైతు పొద్దుకోసారి మబ్బు వైపు చూస్తాడని మరిచిపోతాం. మళ్లీ చూలాలైన ఆమె కూడా అంతే. పోయినసారి బిడ్డ పోయిన నెల దగ్గరపడితే నిద్రపట్టదు. "కడుపుతో ఉండి ఏడుస్తావా?" అని కసిరితే ఏడుపు ఆగదు, చాటుకు పోతుంది. కదలిక తగ్గిందని ఆమె అంటే, ఉత్త భయమని కొట్టిపారేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మన సుగాలి తండాల్లో ఢావ్లో ఉంది. అత్తింటికి పోయే పెండ్లికూతురు, ఆమె వాళ్లు ఒకరినొకరు పట్టుకొని పాడుతూ ఏడుస్తారు. దుఃఖాన్ని నలుగురిలో పంచుకోవడం తెలిసిన జాతి మనది. కడుపులోనే పోయిన బిడ్డ విషయానికి వచ్చేసరికి ఎందుకు నోరు మూయిస్తున్నాం?

ఈసారి నాటిక రాసే పిల్లలు ఆ ఉత్తర భాగపు ఘట్టం కూడా రాయాలి. టీచర్లు ఆ ఆరుగురికీ వేదిక మీద కాస్త చోటివ్వాలి.