పరామర్శ – ప్రకటన: యుద్ధసాహిత్యంలో సైనికుడి జవాబు

పాలకుడో, పలుకుబడి గలవారో సైనికుల దగ్గరికి వచ్చి వారిని పలకరించే సన్నివేశం యుద్ధసాహిత్యంలో తరచుగా కనిపిస్తుంది. దీన్ని సాధారణంగా రెండు విధాలుగా చదువుతాం. వచ్చినవారి ఉదారతకు నిదర్శనంగా చదవడం ఒకటి, వారి కపటానికి సాక్ష్యంగా చదవడం మరొకటి. రెండు పఠనాల్లోనూ దృష్టి వచ్చినవారి మీదే నిలుస్తుంది. వారి గురించి సైనికుడు ఏమనుకున్నాడు, అనుకున్నది ఎక్కడ చెప్పగలిగాడు అన్న ప్రశ్న వెనకబడుతుంది. షేక్‌స్పియర్ నాటకం ‘ఐదవ హెన్రీ’లో, చెక్ రచయిత యారొస్లావ్ హాషెక్ నవల ‘ష్వేక్’లో ఉన్న ఇటువంటి సన్నివేశాలను ఆ ప్రశ్నతో పరిశీలించి, దేవరకొండ బాలగంగాధర తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ కవితను వాటి పక్కన ఉంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి రాకకు తెలుగులో ‘పరామర్శ’ అనే మాట స్థిరపడింది. తర్కశాస్త్రంలో పరామర్శ అనుమితికి దారితీసే జ్ఞానం. వాడుకలో అది క్షేమం విచారించడం, ఓదార్చడం. రెండు అర్థాలూ తెలుసుకోవడంతో ముడిపడినవే. అడిగినవాడు జవాబు విని, విన్నదానికి కట్టుబడినప్పుడు పరామర్శ పూర్తవుతుంది. తాను వచ్చి అడిగానన్న సంగతి మూడోవారికి తెలియడమే ముఖ్యమైనప్పుడు అది ప్రకటన అవుతుంది. ఈ వ్యాసంలో ఈ రెండు మాటలనూ ఆ అర్థాల్లోనే వాడుతున్నాను.

‘ఐదవ హెన్రీ’ 1599 ప్రాంతంలో వెలువడిన నాటకం. 1415 అక్టోబర్ 25న జరిగిన ఆజిన్‌కోర్ యుద్ధం దాని కేంద్రం. నాలుగో అంకం మొదట్లో ‘కోరస్’ పాత్ర వచ్చి, యుద్ధానికి ముందురాత్రి రాజు శిబిరమంతా తిరిగాడనీ, చిరునవ్వుతో అందరినీ పలకరించి సోదరులని పిలిచాడనీ, దిగులుపడిన సైనికులు ఆయన ముఖం చూసి ధైర్యం తెచ్చుకున్నారనీ వర్ణిస్తుంది. తర్వాతి రంగంలో ప్రేక్షకుడు చూసేది వేరు. రాజు ఒక వృద్ధ సేనాని అంగీ అడిగి తీసుకొని, తానెవరో చెప్పకుండా బేట్స్, కోర్ట్, విలియమ్స్ అనే మామూలు సైనికుల మధ్యకు వెళ్తాడు. అక్కడ ఆయనకు ఎదురైనది ఆరాధన కాదు, అనుమానం. రాజు ఒక్కడే ఇక్కడుంటే ఆయన ధనం చెల్లించి విడుదలయ్యేవాడు, పేదల ప్రాణాలు మిగిలేవి అంటాడు బేట్స్. ఈ యుద్ధానికి న్యాయమైన కారణం లేకపోతే తెగిన కాళ్లూ చేతులూ తలలూ అంత్యదినాన ఒక్కటై రాజును లెక్క అడుగుతాయంటాడు విలియమ్స్. శత్రువుకు ధనం చెల్లించి విడుదల కానని రాజు అన్నాడు కదా అంటే, మనచేత ఉత్సాహంగా పోరాడించడానికే అలా అన్నాడనీ, మన గొంతులు తెగాక ఆయన విడుదలైనా మనకు తెలియదనీ బదులిస్తాడు.

ఈ మాటలు రాజద్రోహం కావు. ఇదే సంభాషణలో బేట్స్ రాజు కోసం గట్టిగా పోరాడతానని కూడా చెబుతాడు. పాలకుడి మాటను నమ్మకపోవడమూ, తన విధిని వదలకపోవడమూ ఆ సైనికుడిలో కలిసే ఉన్నాయి. సైనికుడి అపనమ్మకాన్ని అవిధేయతగా గాని, విధేయతను అంగీకారంగా గాని లెక్కించకూడదని ఈ రంగం హెచ్చరిస్తుంది.

రాజు మారువేషంలో వెళ్లి విన్నాడు కనుక దీన్ని నిజమైన పరామర్శగా ఎందుకు గ్రహించకూడదన్న ఆక్షేపణ రావచ్చు. ఆయన విన్నమాట నిజం. అయితే యుద్ధకారణం న్యాయమైనదా అన్న ప్రశ్నకు ఆయన జవాబివ్వడు. ఎవరి పాపానికి వారే బాధ్యులన్న మరో వాదాన్ని దీర్ఘంగా వినిపిస్తాడు. దానికి విలియమ్స్ కూడా తల ఊపుతాడు గాని, అతను అడిగినది అలాగే మిగిలిపోతుంది. ఒంటరిగా మిగిలాక రాజు తలచుకునేది తన భారం గురించే. యుద్ధం ముగిశాక నిజం బయటపడినప్పుడు, సామాన్యుడిలా వచ్చారు కనుక తప్పు మీదే అని విలియమ్స్ రాజుతో ధైర్యంగా అంటాడు. రాజు అతని చేతితొడుగు నిండా నాణేలు పోయిస్తాడు. అదే రంగంలో రాజు తమవైపు మృతుల జాబితా చదువుతాడు. నాలుగు పేర్లు వినిపిస్తాయి. మిగిలినవారు పేరులేని ఇరవైఐదుగురు. విలియమ్స్ వంటివారు ఆ అంకెలోకే చేరతారు. కోరస్ చేసిన ప్రకటననూ ఈ జాబితానూ కలిపి చదివినప్పుడు, సోదరులన్న పిలుపు ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది.

నాటకంలో కోరస్ చేసిన పనిని హాషెక్ నవలలో పత్రిక చేస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రో-హంగేరియన్ సైన్యంలో పనిచేసి, 1915లో రష్యన్లకు పట్టుబడిన హాషెక్ ఈ నవలను 1921లో ప్రచురించడం మొదలుపెట్టి, 1923లో అసంపూర్ణంగా వదిలి మరణించాడు. కీళ్లవాతంతో ఉన్న ష్వేక్ చక్రాల కుర్చీలో కూర్చుని, బెల్‌గ్రేడ్‌కు పదండని కేకలు వేస్తూ సైన్యపరీక్షకు వెళ్తాడు. పత్రికలు దాన్ని ఒక వికలాంగుడి రాజభక్తిగా రాస్తాయి. సైనిక వైద్యులు మాత్రం అతణ్ణి రోగం నటించేవాడిగా నిర్ణయించి, పస్తులతో, కడుపు కడిగే గొట్టాలతో, ఎనిమాలతో రోగాలు ‘నయం’ చేసే జైలు ఆసుపత్రికి పంపిస్తారు. పత్రిక చదివిన ఒక బారొనెస్ కానుకల బుట్టతో అక్కడికి వస్తుంది. అందులో గులాబిరంగు పట్టుకాగితంలో చుట్టి, సామ్రాజ్య వర్ణాలైన నలుపు పసుపుల పట్టీ కట్టిన డజను వేపుడు కోళ్లు ఉంటాయి. ఇద్దరు చక్రవర్తులు చేతులు కలిపిన బొమ్మ అతికించిన మద్యం సీసాలు, చక్రవర్తి జీవితగాథల పుస్తకం కూడా ఉంటాయి.

తినే వస్తువు మీద కూడా ప్రచారపు గుర్తు ఉండటం ఇక్కడ గమనించదగినది. ఆమె పరామర్శించేది పత్రిక సృష్టించిన సైనికుణ్ణి. ఎదురుగా ఉన్న సైనికులు ఎందుకు ఆకలిగా ఉన్నారో ఆమె అడగదు. ష్వేక్ ఆమెతో వాదించడు, వినయంగా ఉంటాడు. ఆమె వెళ్లగానే తోటివారితో కలిసి తిండి ముగిస్తాడు. వైద్యుడు తిరిగి వచ్చి తిన్నవారికి శిక్షగా మళ్లీ పాత చికిత్సే చేయిస్తాడు. విలియమ్స్ మాటతో ఇచ్చిన జవాబును ఈ సైనికులు ఆకలితో ఇస్తారు. వారికి పట్టింది కోడి, పట్టీ కాదు. నవల మూడో భాగంలో, రణరంగానికి వెళ్లే దారిలో సైనికులకు ఇస్తామన్న జున్నుకు బదులు ఒక అగ్గిపెట్టె, సైనికుల శ్మశానం బొమ్మ ఉన్న ఒక తపాలా కార్డు చేతికందుతాయి. రాజ్యం తన ఉద్దేశాన్ని ఇంత నిజాయితీగా ప్రకటించిన సందర్భం నవలలో మరొకటి లేదేమో. హాస్యరచనలోని అతిశయోక్తిని చరిత్రగా స్వీకరించలేం. అయినా కానుక ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఆ అతిశయోక్తే సాధనమవుతుంది.

ఈ రెండు రచనల్లోనూ సైనికుడి అసలు మాట బయటపడే చోటు గమనించాలి. ఒకచోట రాజు రాజుగా లేనప్పుడు, మరొకచోట బారొనెస్ వెళ్లిపోయాక అది బయటపడింది. తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ ఈ దృష్టికి తెలుగులో మంచి ఉదాహరణ. 1968లో వెలువడిన ‘అమృతం కురిసిన రాత్రి’ సంపుటిలోని ఈ కవితలో సమయం అర్ధరాత్రి. ఎదుట నాయకుడు లేడు. క్షేమసమాచారపు మామూలు వాక్యంతో మొదలుపెట్టిన సైనికుడు, కొద్ది పంక్తుల్లోనే తనలో ఉన్న భయాన్ని ఒప్పుకుంటాడు. పరామర్శకుడికి చెప్పే జవాబు కూడా ‘క్షేమం’ అన్న మాటతోనే మొదలవుతుంది, తరచుగా అక్కడే ముగుస్తుంది. ఉత్తరానికి మాత్రం తర్వాతి వాక్యం ఉంటుంది. దాన్ని అందుకునేవారికి ఆ జవాబును ఎక్కడా ప్రదర్శించే అవసరం లేదు గనుక అది సాధ్యమైంది.

నాయకులు శిబిరాలకు వెళ్లే దృశ్యాలు నేడు కెమెరా సమక్షంలోనే జరుగుతున్నాయి. ఆ చిత్రాల్లో సైనికుడి చిరునవ్వును చూసి అభిమానమనో, బలవంతమనో తీర్పు చెప్పడానికి మనకు ఆధారం లేదు. సైనికుడికి దక్కే కొద్దిసేపటి గౌరవం, ఇంటినుంచి దూరమైన రోజున ఎవరో వచ్చారన్న ఊరట కూడా నిజమే కావచ్చు. విమర్శ చేయగలిగిన పని వేరే ఉంది. సైనిక జీవితాన్ని చిత్రించిన తెలుగు కథల్లో, కవితల్లో, ఉత్తరాల్లో నాయకుడి ఎదుట పలికిన మాటనూ, అతను లేనప్పుడు పలికిన మాటనూ వేరుచేసి చదవాలి. వచ్చినవాడు అడిగిన ప్రశ్న ఏమిటి, జవాబు విన్నాక అతనిలోగాని అతని నిర్ణయంలోగాని ఏం మారింది అని ప్రతి సన్నివేశాన్నీ అడగాలి. విలియమ్స్ వేసిన ప్రశ్నకు నాటకం ముగిసేలోగా రాజు నుంచి జవాబు రాలేదు. నాణేలు మాత్రం వచ్చాయి.