ఇంగ్లీషు రానివాడు, మరీ వచ్చినవాడు

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో బ్రిటిష్ టీవీ హాస్యం ప్రస్తావన వస్తే, అది తరాల తగాదాగా మారడానికి ఎంతోసేపు పట్టదు. యాభై దాటినవారు ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’, ‘ఫాల్టీ టవర్స్’, ‘యస్ మినిస్టర్’ పేర్లు చెప్పి, అలాంటి హాస్యం ఇప్పుడెక్కడుందని నిట్టూరుస్తారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు అందులో సగం జాత్యహంకారమనీ మిగతా సగం మగవాళ్ళ గోల అనీ తీసిపారేస్తారు. పాతదంతా ఒక జాతి, కొత్తదంతా మరొక జాతి అన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ భేదాభిప్రాయం లేదు. నాకు పేచీ ఉన్నది సరిగ్గా అక్కడే. ఈ హాస్యాన్ని కాలాన్ని బట్టి కాక, భాష ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి విడదీసి చూడాలని నా ప్రతిపాదన. ఒక రకం ఇంగ్లీషు రానివాడిని చూసి నవ్వుతుంది. రెండవ రకం ఇంగ్లీషు మరీ వచ్చినవాడిని చూసి నవ్వుతుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆపైన జీవితమంతా ఇంగ్లీషులో వైద్యం చేసి బతుకుతున్న నాబోటివాడికి ఇది కేవలం రసచర్చ కాదు.

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో హాస్యానికి విభావాలు చెబుతూ వికృతవేషంతోపాటు అసత్ప్రలాపాన్ని కూడా చేర్చాడు. అర్థం పర్థం లేని మాట అన్నమాట. ఆ మాట మాట్లాడేవాడు నిస్సహాయుడా, అధికారం ఉన్నవాడా అన్న ప్రశ్న ఆయన వేసుకోలేదు. నేను వేస్తున్నది ఆ ప్రశ్నే.

ముందుగా ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’. విన్స్ పవెల్ రచన. లండన్ వీకెండ్ టెలివిజన్ వారు 1977 నుంచి 1979 దాకా ప్రసారం చేశారు. లండన్‌లో విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే రాత్రిబడి. పంతులు జెరెమీ బ్రౌన్‌గా బ్యారీ ఇవాన్స్. తరగతిలో ఇటలీ వంటవాడు, జర్మన్ యువతి, జపాన్ వ్యాపారి, సిక్కు రంజీత్ సింగ్, పాకిస్తానీ అలీ నదీమ్, ఎప్పుడూ అల్లిక పనిలో మునిగి ఉండే జమీలా. 1980ల చివర మా హాస్టల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ ఈ కాసెట్లు చూశాం. చూసినవాళ్ళలో చాలామందిమి తెలుగు మీడియం వాళ్ళమే. ప్రొఫెసరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా వాక్యం కుదరక నిలబడిపోయేవాళ్ళం. అయినా పగలబడి నవ్వాం. ఎందుకు నవ్వగలిగామో తరువాత ఆలోచిస్తే తెలిసింది. అలీ కన్నా, రంజీత్ కన్నా మన ఇంగ్లీషు కాస్త నయం అన్న భరోసాను ఆ ధారావాహిక ప్రతి అరగంటకూ ఇస్తుంది. మన సినిమాల్లో అరవ యాసలో తెలుగు మాట్లాడే పాత్రను చూసి నవ్వడంలో ఉన్న భరోసా కూడా ఇదే.

దీనిని జాత్యహంకారం అని ఒక్క మాటతో కొట్టేస్తే అసలు లోపం కనబడదు. పాత్రల పట్ల రచయితకు ద్వేషం లేదు. తరగతిలో స్నేహముంది, పంతులికి ఓపిక ఉంది. ఆయన మీద విద్యార్థులకు నిజమైన ప్రేమ ఉంది. లోపం మరొకచోట ఉంది. సిక్కు, పాకిస్తానీ ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకుంటారు, ఆ పోట్లాటంతా వచ్చీరాని ఇంగ్లీషులో! లోకంలో ఏ ఇద్దరు పంజాబీ, ఉర్దూ మనుషులు అలా పోట్లాడుకుంటారు? సొంత భాషలో దిగి ఉంటే ఒకరినొకరు ఎంత నైపుణ్యంతో తిట్టుకునేవారు! అలాంటి నైపుణ్యం వీళ్ళకుందన్న సంగతి ఆ తరగతి గదికి తెలియదు. ఇంగ్లీషు రాని మనిషికి అసలు భాషే లేదన్నట్టు ఉంటుంది అక్కడి లెక్క. నాకు ఇప్పుడు నవ్వు రాకపోవడానికి కారణం ఇది.

ఇది తెల్లవాళ్ళకు మాత్రమే పరిమితమైన జబ్బు కాదనడానికి మన దూరదర్శనే సాక్షి. 1993లో ఇదే నమూనా ‘జబాన్ సంభాల్‌కే’ పేరుతో వచ్చింది. పంకజ్ కపూర్ హిందీ నేర్పే పంతులు. భాష మారింది, యంత్రం అదే.

విన్స్ పవెల్ పేరు ఆస్ట్రేలియాకు మరో విధంగా కూడా చేరింది. నల్లజాతి దంపతులు పక్కింట్లోకి దిగితే ఓర్వలేని తెల్లవాడి కథ ‘లవ్ దై నైబర్’. హ్యారీ డ్రైవర్‌తో కలిసి పవెల్ సృష్టించినదే. ఇంగ్లండులో 1976లో అది ముగిశాక, అందులోని ఎడ్డీ బూత్ పాత్రను సిడ్నీకి తరలించి ఇక్కడి సెవెన్ నెట్‌వర్క్ కోసం మరో ధారావాహిక తీశారు. ఎడ్డీని దించింది బ్లాక్‌టౌన్ అనే శివారులో. ఊరి పేరుతోనే ఒక జోకు వేసినట్టున్నారు. ఇవాళ ఆ బ్లాక్‌టౌన్ ప్రాంతంలో ఏ వీధికి వెళ్ళినా ఇరుగుపొరుగు మనవాళ్ళే. ఎడ్డీ తిరిగి వస్తే ఎవరితో పోట్లాడాలో తేల్చుకోలేడు.

అదే కాలంలో సిడ్నీలో ‘డాక్టర్ డౌన్ అండర్’ కూడా తయారయింది. రిచర్డ్ గోర్డన్ నవలల నుంచి పుట్టిన ‘డాక్టర్ ఇన్ ది హౌస్’ పరంపరకు అది కొనసాగింపు. (మన రాత్రిబడి పంతులు బ్యారీ ఇవాన్స్ ఆ మొదటి ధారావాహికలో వైద్య విద్యార్థి.) ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు ఆస్ట్రేలియాకు వస్తారు. హాస్యంగా గొప్పదేమీ కాదు. కాని వలస డాక్టర్ల కథే అది, భాషా పరీక్ష రాయనక్కరలేని వలస డాక్టర్ల కథ. మా తరంలో ఇండియా నుంచి వచ్చినవాళ్ళం ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్ రాశాం. అందులో పరీక్షకుడు రోగిగా కూర్చుంటాడు, మనం డాక్టరుగా ఓదార్చాలి. కడుపునొప్పి నటించే మనిషికి నటించే సానుభూతి చెప్పి మార్కులు తెచ్చుకోవడం! దాని మీద ఎవరైనా మంచి ప్రహసనం రాసి ఉండవలసింది.

ఇప్పుడు ‘ఫాల్టీ టవర్స్’. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు ఎపిసోడ్లు. జాన్ క్లీజ్, కానీ బూత్ కలిసి రాశారు. మైండ్ యువర్ లాంగ్వేజ్ మొదలైన 1977 ఈ రెంటి నడుమ సంవత్సరం. పాత, కొత్త అన్న వాదం ఇక్కడే వీగిపోతుంది. టార్కీలోని ఆ హోటల్లో కూడా ఇంగ్లీషు రాని మనిషి ఉన్నాడు, బార్సిలోనా నుంచి వచ్చిన మాన్యువెల్. పని అదే, పొరపాట్లు అవే. కాని నవ్వు మాన్యువెల్ దగ్గర ఆగదు, యజమాని బాసిల్ మీదకి మళ్ళుతుంది. తనకు స్పానిష్ వచ్చునని చెప్పుకుని తక్కువ జీతానికి పనివాణ్ణి పెట్టుకున్నవాడు బాసిల్. ఆ భాష పనిచేయకపోతే, తాను నేర్చినది శిష్టమైన స్పానిష్ అనీ వీడిది ఏదో మాండలికమనీ దబాయిస్తాడు. భాష రానివాడు ఇద్దరిలో ఎవరు?

మాన్యువెల్ వేషం కట్టిన ఆండ్రూ సాక్స్ 1930లో బెర్లిన్‌లో పుట్టాడు. యూదు తండ్రి కారణంగా నాజీల నుంచి తప్పించుకుని 1938లో ఇంగ్లండు చేరిన కుటుంబం. ఇంగ్లీషును పసితనంలో కొత్తగా నేర్చుకోవలసి వచ్చిన మనిషికి, అర్థం కానిదాన్ని అర్థమైనట్టు తల ఊపడం ఎలా ఉంటుందో ఎవరూ నేర్పనక్కరలేదు. మాన్యువెల్ ముఖంలో కనబడే ఆ ఆత్రుత తక్కిన విదేశీ పాత్రల్లో నాకు కనబడలేదు. అయితే అతణ్ణి బాసిల్ మాటిమాటికీ కొట్టడం మాత్రం నాకు ఇప్పుడు రుచించదు. ‘ది జర్మన్స్’ ఎపిసోడ్ చిత్రీకరణలో, పొగలు కక్కే కోటు వల్ల సాక్స్‌కు నిజంగానే కాలిన గాయాలయ్యాయి.

‘ది జర్మన్స్’ అనగానే అందరికీ బాసిల్ చేసే సైనిక కవాతు గుర్తుకొస్తుంది. మేజర్ నోటివెంట వచ్చే జాతి దూషణల కారణంగా 2020లో ఒక స్ట్రీమింగ్ సేవ దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టడం కూడా కొందరికి గుర్తుండవచ్చు. నాకు గుర్తుండేది అందులోనే ఉన్న మరో చిన్న రంగం. భార్యను చూడడానికి ఆసుపత్రికి వెళ్ళిన బాసిల్ వెనక్కి తిరగగానే ఎదురుగా డాక్టరు ఫిన్, నల్లజాతీయుడు. బాసిల్ ఉలిక్కిపడి వెనక్కి గెంతుతాడు. డాక్టరు ఏమీ అనడు, తన పని తాను చేస్తాడు. గాంబియాలో పుట్టిన లూయీ మహోనీ ఆ పాత్ర వేశాడు. ఆ గెంతును ఇంత భారీగా కాకపోయినా, కనురెప్పపాటుగా, కొత్త రోగుల ముఖాల్లో చూడని వలస డాక్టరు ఉండడు. ఆ రంగంలో నవ్వులపాలైనది బాసిలే. 1979 నాటి ‘ది సైకియాట్రిస్ట్’లో ఇద్దరు అతిథులూ డాక్టర్లేనన్నది, అంటే భార్య కూడా డాక్టరేనన్నది, బాసిల్ బుర్రకు ఎక్కడానికి ఎంత కష్టమవుతుందో చూస్తే పిల్లలు ఆరోపించే ‘మగవాళ్ళ గోల’ను కూడా ఆ ధారావాహిక అప్పుడే పట్టుకుందని ఒప్పుకోవాలి.

నా అభిరుచికి పరాకాష్ఠ మాత్రం ‘యస్ మినిస్టర్’ (1980-84), దాని తరువాయి ‘యస్ ప్రైమ్ మినిస్టర్’ (1986-88). ఆంటొనీ జే, జొనథన్ లిన్ రచన. ఇక్కడ ఇంగ్లీషు రానివాడు ఎవడూ లేడు. మంత్రి హ్యాకర్ (పాల్ ఎడింగ్టన్) సామాన్యంగా మాట్లాడతాడు. శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ (నైజల్ హాథార్న్) మాత్రం ఉపవాక్యం మీద ఉపవాక్యం పేర్చి, క్రియ దొరికేలోపు వినేవాడి ఊపిరి ఆగేటట్టు చేస్తాడు. వ్యాకరణంలో ఒక్క దోషం ఉండదు, అర్థం కూడా ఉండదు. అసత్ప్రలాపానికి ఇంతకన్న ఉదాహరణ దొరకదు.

నా వృత్తి వాళ్ళకు ‘ది కంపాషనేట్ సొసైటీ’ (1981) ఎపిసోడ్ ప్రత్యేకం. కొత్తగా కట్టిన ఆసుపత్రిలో 500 మంది పాలనా సిబ్బంది ఉంటారు. రోగి ఒక్కడూ ఉండడు. నిర్వహణలో దేశంలోకెల్లా మేటి ఆసుపత్రులలో అదొకటని అధికారులకు గర్వం. రోగులు లేకపోతే శుభ్రతకు లోటేముంటుంది! ఆసుపత్రి కమిటీలలో కూర్చున్న ఏ డాక్టరుకైనా ఇది అతిశయోక్తిగా తోచదు. ఇదే వారసత్వాన్ని ఆస్ట్రేలియాలో ఏబీసీ వారి ‘ది హాలోమెన్’ (2008), ‘యుటోపియా’ (2014) అందుకున్నాయి.

తెలుగు పాఠకుడికి హంఫ్రీ కొత్తవాడు కాడు. కన్యాశుల్కంలో వెంకమ్మ ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం కలిసి ఇంగ్లీషు మాట్లాడి చూపించే రంగం ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ముక్కలు. ఆ తల్లి మురిసిపోతుంది. ఆమెకు ఇంగ్లీషు రాదన్నది గురజాడకు హాస్యవస్తువు కాదు. ఆ రాకపోవడం మీద బతుకుతున్న గిరీశం హాస్యవస్తువు. మొక్కపాటి వారి పార్వతీశం విషయం మరొక రకం. ఇంగ్లండు ప్రయాణంలో తాను పడిన పాట్లను తానే చెప్పుకుంటాడు కనుక మనం అతనితో కలిసి నవ్వుతాం. రాత్రిబడి విద్యార్థులకు పవెల్ ఆ అవకాశం ఇవ్వలేదు.

గిరీశాన్ని, హంఫ్రీని చూసి నవ్వేటప్పుడు నాలాంటివాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చోవాలి. వైద్యంలో ‘ఇడియోపథిక్’ అంటే కారణం మాకు తెలియదని. ‘ఎక్స్‌పెక్టెంట్ మేనేజ్‌మెంట్’ అంటే ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉంటామని. హాస్టల్లో అలీని చూసి నవ్విన మేము ముప్పై ఏళ్ళలో హంఫ్రీ కుర్చీలోకి మారాం. వీసాలు, ఇళ్ళ అప్పులు, పిల్లల చదువుల గురించి ఎంతైనా మాట్లాడుకునే మనం, ఈ మార్పు గురించి మాట్లాడుకోగా నేను వినలేదు.

కొత్త హాస్యంలో నేను ఎంచుకునేవి కొద్దే. ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ (టీవీలో 1998-2001) సంగతి అందరికీ తెలుసు. బొంబాయి కుర్రాళ్ళు తప్పతాగి ఇంగ్లీషు తిండి తినడానికి వెళ్ళే స్కెచ్ ఒక్కటి చాలు, తిరగేసిన అద్దం ఎంత పనిచేస్తుందో చూడడానికి. కాని తిరగేయడం ఒకసారి బాగుంటుంది, పదోసారికి కిటుకు తెలిసిపోతుంది. ‘దిస్ ఈజ్ గోయింగ్ టు హర్ట్’ (2022)ను హాస్యమనవచ్చునో లేదో. అందులో అంబికా మోద్ నటించిన శ్రుతి ఆచార్య అనే జూనియర్ డాక్టరు ఇంగ్లండు బిడ్డే, ఉచ్చారణకు వంక పెట్టేవాడు లేడు. భాష సమస్య తీరిపోయిన తరం అది. తాను మునిగిపోతున్నానన్న మాటను మాత్రం ఆమె ఎవరిచేతా వినిపించుకోలేకపోయింది, ప్రాణం తీసుకుంది. మన పిల్లల్లో డాక్టర్లయినవాళ్ళు ఎందరో ఉన్నారు కనుక, దీన్ని వాళ్ళతో కలిసి చూడమని తల్లిదండ్రులకు నేను గట్టిగా చెబుతాను.

చివరగా ‘గెటింగ్ ఆన్’ (2009-12). ముసలివాళ్ళ వార్డు, జో బ్రాండ్, జోవన్నా స్కాన్లన్, విక్కీ పెపర్‌డైన్ ముగ్గురూ రాసి నటించారు. డాక్టరు పిప్పా మూర్‌కు రోగుల కన్నా వాళ్ళ మల పరీక్షల వర్గీకరణ మీద చేస్తున్న పరిశోధనే ముఖ్యం, హంఫ్రీకి చెల్లెలు. నేపథ్యంలో నవ్వుల ట్రాక్ లేదు. వార్డులో ఇంగ్లీషు రాని వృద్ధురాలు ఒకరుంటారు. ఆమెది ఏ భాషో ఎవరికీ తెలియదు. ఒకే మాట పదే పదే అంటుంటే సిబ్బంది నవ్వుతూ తలలూపుతారు. తీరా అర్థం తెలుసుకుంటే, తనను చంపేయమని ఆమె వేడుకుంటోంది. మైండ్ యువర్ లాంగ్వేజ్‌లో మనం చూడని భాష ఇదే, ఇంగ్లీషు రాని మనిషి నోట ఉన్న సొంత భాష. ఆస్ట్రేలియాలో 1973 నుంచి ఫోనులో దుబాసీ సేవ ఉంది. 131450కి చేస్తే తెలుగు కూడా దొరుకుతుంది. ఉన్నా, మన తల్లిదండ్రులు వార్డులో ఉన్నప్పుడు కొడుకో కోడలో అనువదిస్తుంటారు. డాక్టరు ఎలా ఉందని అడుగుతాడు. అమ్మ మూడు నిమిషాలు చెబుతుంది. కొడుకు ‘షీ ఈజ్ ఫైన్’ అంటాడు.